జేబులో ఫ్యూజు

నాకు పని నేర్పిన మేస్త్రి మొదటిరోజు పనిముట్టు చేతికివ్వలేదు, ఫ్యూజు ఇచ్చాడు. తెల్లటి పింగాణీ ముక్క, అరచేతిలో ఇమిడేంత. "ఇది నీ జేబీలో ఉన్నంతసేపే నీ సెయ్యి నీది" అన్నాడు.

యంత్రం లోపల చెయ్యి పెట్టేవాడే ముందు ఫ్యూజు పీకాలి. పీకినవాడే దాన్ని జేబులో వేసుకోవాలి. బల్ల మీద పెట్టకూడదు, పక్కవాడి చేతికి ఇవ్వకూడదు, వాడు సొంత తమ్ముడైనా సరే. పని అయ్యాక ఫ్యూజు తిరిగి వేసేముందు "సెయ్యి బైటా?" అని గట్టిగా అడగాలి. యంత్రం దగ్గరున్న ప్రతివాడూ "బైటే" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా ఫ్యూజు వెయ్యకూడదు.

ఇది నేను రైల్వేలో చేరకముందు మాట. మేం వలసొచ్చిన బెంగాలీ రైల్వే ఊళ్ళో, గోల్‌బజారు వెనక ఒక చిన్న లేతు షెడ్డులో పని నేర్చుకున్నాను. తరవాత వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు దాటి ఫిట్టరుగా చేశాను. షాపులో తాళాలూ, ఎర్ర చీటీలూ, సంతకాలూ అన్నీ ఉన్నాయి. అవన్నీ పాటించేవాణ్ణే, కానీ జేబులో ఫ్యూజో తాళంచెవో బరువుగా తగిలితేగాని నా చెయ్యి లోపలికి వెళ్ళేది కాదు. ఇంట్లోనూ ఇదే తంతు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టరులో మిక్సీ విప్పాలన్నా మెయిను ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాణ్ణి. ఒకసారి ఆ ఫ్యూజుతోనే డ్యూటీకి వెళ్ళిపోయాను. మే నెల. సాయంత్రం వచ్చేసరికి మా ఆవిడ గుమ్మంలో విసనకర్ర పట్టుకుని కూర్చుంది.

"రాయ్యా రా. ఇంట్లో కరెంటంతా జేబీలో ఎట్టుకుని ఊరేగుతన్నావు" అంది.

ఆ మాట మా క్వార్టర్ల లైనంతా పాకింది. ఇంకోటి కూడా ఆవిడకి వేళాకోళమే. ఎంత ఉక్కగా ఉన్నా నేను ఒట్టి బనియనుతో ఉండను. లుంగీ మీదైనా జేబున్న చొక్కా ఉండాల్సిందే. ఎందుకని అడిగితే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి. అసలు కారణం ముప్పై ఏళ్ళ కాపురంలో చెప్పలేదు.

గత ఏడాది చలికాలంలో ఒకరోజు పొద్దున్న, షాపు గేటు దగ్గర హాజరు మెషిను మీద బొటనవేలు పెట్టాను. తీసుకోలేదు. మళ్ళీ పెట్టాను. తీసుకోలేదు. నాకు ముక్కుమీదే కోపం, ఆ మెషినుని నానా మాటలూ తిట్టాను. వెనక నిలబడ్డవాడు నా భుజం మీద చెయ్యి వేసి, "నీ సెయ్యి కిందకి యేలాడతన్నాది సూసుకో" అన్నాడు. చూసుకున్నాను. పెట్టాననుకున్న చెయ్యి పెట్టనే లేదు. అది నా పక్కన వేలాడుతోంది. నేను తిట్టిన తిట్లు కూడా మాటలుగా బయటికి రాలేదని, ఒట్టి ముద్దగా వచ్చాయని తరవాత చెప్పారు.

ఆసుపత్రిలో పక్షవాతం అన్నారు. ప్రాణానికి భయం లేదన్నారు. మాట రెండు వారాల్లో తేరుకుంది. కాలు మెల్లగా దారికొచ్చింది, కర్ర పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళగలిగాను. కుడిచెయ్యి మాత్రం రాలేదు. మొదట మెత్తగా వేలాడింది, తరవాత బిగుసుకోవడం మొదలుపెట్టింది. వేళ్ళు లోపలికి ముడుచుకుని పిడికిలి అయిపోయింది. కోపం లేకుండా పిడికిలి బిగించి తిరిగే మనిషిని చూస్తే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని దాన్ని తువ్వాలు కింద దాచేవాణ్ణి.

వ్యాయామం చేయించే డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. ఈ కొద్ది నెలల్లో వేళ్ళు తెరిపించగలిగితే తెరుచుకుంటాయి, ఆలస్యమైతే కీళ్ళు బిగిసిపోతాయి, తరవాత ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆ మాట విన్న రోజు నుంచి నాకు భయం తప్ప ఇంకో ధ్యాస లేదు. అన్నం తింటున్నా భయమే, టీవీ చూస్తున్నా భయమే. ముప్పై ఏళ్ళు ఇనుము బిగించి విప్పిన చెయ్యి, దాన్నే విప్పడం నాకు చేతకాలేదు.

రోజూ పొద్దున్న మా ఆవిడ గోరువెచ్చని నీళ్ళ గిన్నె తెచ్చుకుని నా ఎదురుగా కూర్చునేది. మూసుకున్న పిడికిలిలో చెమట పట్టి వాసనొస్తుంది. ఒక్కో వేలూ మెల్లగా ఎత్తి, గుడ్డతో తుడిచి, గోళ్ళు కత్తిరించేది. నేను గోడవైపు చూసేవాణ్ణి. నా చేతిని నేను చూడలేకపోయేవాణ్ణి.

డాక్టరమ్మే మా ఊరి శివార్లో హిజ్లీ ఇంజనీరింగు కాలేజీ క్యాంపస్ సంగతి చెప్పింది. అక్కడ ఒక ల్యాబులో రోబోతో చేతివేళ్ళు ఆడించి చూస్తున్నారట, నాలాంటివాళ్ళు కావాలట. రోబో అంటే కాళ్ళూ చేతులూ ఉన్న ఇనప మనిషి ఎదురొస్తాడనుకున్నాను. టోటోలో, అదే బ్యాటరీ రిక్షాలో, క్యాంపస్ గేటుదాకా వెళ్ళి, రిజిస్టరులో మా ఆవిడ చేత సంతకం పెట్టించి, సైకిళ్ళ మధ్య నుంచి కుంటుకుంటూ ల్యాబుకి చేరాం. అక్కడున్నది ఒక బల్ల. బల్ల మీద ముంజేయి ఆనించే గాడి, దాని చివర ఐదు సన్నటి కడ్డీలు, ఒక్కో కడ్డీకి వేలికొస తొడిగే టోపీ. కడ్డీల వెనక పెసరకాయంత మోటార్లు ఐదు.

దాన్ని నడిపేది పరిశోధన చేసే బెంగాలీ అమ్మాయి. మా ఆవిడ కంటికి ఒట్టి గుంట, చిన్నపిల్ల. నన్ను కాకూ, అంటే బాబాయ్, అని పిలిచేది, బంగ్లాలో నెమ్మదిగా మాట్లాడేది. నేను రైల్వే హిందీలో జవాబిచ్చేవాణ్ణి, మా ఆవిడ చేపల బజారు బంగ్లాలో. ఆ అమ్మాయి ముందు తన చెయ్యి పెట్టి చూపించింది. వేళ్ళు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఎడమచేతి పక్కనున్న ఎర్ర బటన్ చూపించి, "కాకూ, ఎప్పుడు భయమేసినా ఇది నొక్కండి. నొక్కితే వేళ్ళు తెరుచుకుని ఆగిపోతుంది" అంది.

నేను బటన్ వైపు చూడలేదు. వైరు ఎటు పోతోందో చూశాను. బల్ల పక్క నుంచి గోడకి, గోడ మీద స్విచ్‌బోర్డుకి, అది నా ఎడమచేతికి అందేంత దూరంలో. అది చూశాక కొంచెం ఊపిరాడింది.

చెప్పులకుండే అంటుకునే పట్టీల్లాంటివి నా ముంజేతికీ వేళ్ళకీ బిగించింది. యంత్రం ఆన్ చేసింది. సన్నగా కీచుమంది. వేళ్ళు లేచాయి. నా వేళ్ళు లేస్తున్నాయని కంటికి కనిపిస్తోంది, చేతికి తెలియడం లేదు. అంతవరకూ ఓర్చుకున్నాను. తరవాత అవి లోపలికి మూసుకోవడం మొదలైంది. నడుస్తున్న యంత్రం, దాని లోపల నా చెయ్యి, జేబు ఖాళీ.

బటన్ నొక్కితే ఆగిందని నమ్మేవాడు ఫిట్టరు కాడు. ఎడమచేత్తో వైరు పట్టుకుని ప్లగ్గు లాగేశాను.

యంత్రం ఆగిపోయింది. కానీ వదల్లేదు. సగం ముడుచుకున్న వేళ్ళని ఎక్కడివక్కడ పట్టుకుని కూర్చుంది. మా షాపులో కరెంటు పోతే అన్నీ వదులైపోతాయి, చేత్తో తిప్పితే తిరుగుతాయి. ఇది తిరగలేదు. ఆ మోటార్ల వెనక ఉన్నవి సన్నటి మరలు. మర వెనక్కి జారదు, జాకీ ఎత్తిన చోటే నిలబడుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి నేనే వందసార్లు చెప్పిన పాఠం ఇది. ఆ క్షణంలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. చెయ్యి లాక్కోబోయాను, రాలేదు. అరిచాను. ఏమరిచానో నాకు తెలియదు.

మా ఆవిడ ఒక్క అంగలో వచ్చి పట్టీలు చర్రుమని ఊడదీసింది. చెయ్యి బయటికొచ్చింది, గీత కూడా పడలేదు. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. కోప్పడలేదు, "బటన్ ఉందని చెప్పాను కదా కాకూ" అని మాత్రం అంది. నేను ఆమెకి మొహం చూపించలేక కర్ర అందుకుని బయటికి నడిచాను.

తరవాత మూడు వారాలు వెళ్ళలేదు. ఒకరోజు వాన, ఒకరోజు మోకాలి నొప్పి, ఒకరోజు టోటోవాడు సరైనవాడు కాదు. మా ఆవిడకి నా సాకులన్నీ తెలుసు. ఆ అమ్మాయి రెండుసార్లు ఫోను చేస్తే, నాకు ఒంట్లో బాగాలేదని ఆవిడే చెప్పి పెట్టేసింది.

ఒక పొద్దున్న ఆవిడ నీళ్ళ గిన్నె ముందు కూర్చుని నా వేళ్ళు ఎత్తుతోంది. నేను గోడవైపు చూస్తున్నాను. గిన్నెలో నీళ్ళు ఎర్రబడ్డాయని ఓరకంట కనిపించింది.

"ఏటది?" అన్నాను.

"సిటికినేలు రావట్లేదు. దాని పక్కది కూడా. గోరు లోపలికి దిగిపోనాది. నీకు నొప్పెట్టలేదేటి?"

నొప్పి లేదు. నా అరచేతిలో నా గోరే గుచ్చుకుని నెత్తురు వస్తుంటే నాకు తెలియలేదు. అంతకుముందు పడ్డ భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. చిటికెనవేలూ, దాని పక్కవేలూ. ఆ రెండే ఎందుకు బిగుసుకున్నాయో నాకొక్కడికే తెలుసనిపించింది.

ఆవిడతో చెప్పేశాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఆ షెడ్డులో మేస్త్రీ, నేనూ ఇద్దరమే. రేకుల షెడ్డు, ఎండకి కాలిపోతోంది. మేస్త్రి చొక్కా విప్పి మేకుకి తగిలించి ఒట్టి లుంగీతో ఉన్నాడు. లేతు పళ్ళచక్రాల మూత తీసి లోపల చెయ్యి పెట్టేముందు ఫ్యూజు పీకాడు, పీకి చూసుకుంటే జేబు లేదు. బల్ల మీద పెట్టాడు. నేను టీ తేవడానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి బల్ల మీద ఫ్యూజు ఉంది. ఫ్యూజు బల్ల మీద ఉందంటే పని అయిపోయిందనే నా లెక్క. మేస్త్రి లేతుకి అవతల వంగి ఉన్నాడు, నాకు కనపడలేదు. టీ గ్లాసులు పక్కన పెట్టి, ఫ్యూజు అందుకుని వేసేశాను, లేతు తిరిగింది. "సెయ్యి బైటా?" అని అడగలేదు.

ఆయన కుడిచేతికి చిటికెనవేలూ, పక్కవేలూ పోయాయి.

అడిగినవాళ్ళందరికీ ఆయన ఒకటే చెప్పాడు. "నానే మర్సిపోనాను. ఫ్యూజు తియ్యకుండా సెయ్యెట్టినాను." నా వైపు చూడకుండా చెప్పాడు. రైల్వేలో అప్రెంటిస్ పరీక్షకి నా చేత కాగితాలు పెట్టించింది కూడా ఆయనే. మూడువేళ్ళతో నా భుజం తట్టి పంపించాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. నేను క్షమించమని అడగలేదు, ఆయన ఆ ఊసెత్తలేదు. అప్పట్నుంచి నేను జేబు లేని బట్ట వేసుకోలేదు.

మా ఆవిడ గుడ్డ పిండి గిన్నె అంచున ఆరేసింది.

"అందుకా సొక్కా" అంది. "షెడ్డులో మీరిద్దరే ఉంటే ఎవులేసినారో ఆయనకి తెలవదేటి? తెలిసే అలగ సెప్పినాడు."

"అదే సిటికినేలు, అదే పక్కేలు. నాకూ అయ్యే బిగుసుకున్నాయి" అన్నాను.

"మూసుకున్నవి ఐదూను. నీకు రెండే అవుపడతన్నాయా?" గిన్నె తీసుకుని లేచింది. "నీకు యంత్రమంటే బయం కాదు. యంత్రంలో నీ సెయ్యుంటే ఫ్యూజు కాడ నీలాటోడు ఉంటాడని బయం. రేపెల్దాం. ఫ్యూజు కాడ నానుంటాను."

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. యంత్రం చెడ్డది కాదు, దానికి తెలివే లేదు. చెయ్యి లోపల ఉందో లేదో కనుక్కోవాల్సింది బయట నిలబడ్డ మనిషి. కనుక్కోని మనిషి ఎలా ఉంటాడో నాకు బాగా తెలుసు, రోజూ అద్దంలో చూస్తున్నాను. ఇప్పుడు చిక్కేమిటంటే, ఫ్యూజు నా జేబులో ఉంటే ఈ యంత్రం కదలదు, ఇది కదలకపోతే నా చెయ్యి తెరుచుకోదు. నేర్చుకున్న పని మొత్తానికి ఎదురు తిరిగితేగాని నాకు వేళ్ళు రావు.

మర్నాడు టోటోలో హిజ్లీ వెళుతూ రెండుసార్లు వెనక్కి తిప్పించమన్నాను. రెండుసార్లూ మా ఆవిడ టోటోవాడితో "పోనీ దాదా" అంది. టోటో దిగి క్యాంపస్ గేటు దాటాం. ఒక చెట్టు కింద నిలబడి నీళ్ళు తాగాను. పిల్లలు సైకిళ్ళ మీద నవ్వుకుంటూ పోతున్నారు. వాళ్ళలో ఒక్కడి చేతులైనా తెచ్చుకోవాలనిపించింది.

ల్యాబులో ఆ అమ్మాయికి మా ఆవిడ తన బంగ్లాలో చెప్పింది. నా రహస్యం చెప్పలేదు, ఫ్యూజు అలవాటు గురించి మాత్రమే చెప్పింది. ఆ అమ్మాయి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. ఎర్ర బటన్ పెట్టెని పట్టీతో నా ఎడమచేతికే, బొటనవేలికి అందేలా కట్టింది. ప్లగ్గు నాకు అందకుండా బల్ల జరిపింది. "మెల్లగా నడిపిస్తాను, కాకూ. మీరు కూడా వేళ్ళు తెరవాలని అనుకోండి. అనుకుంటే చాలు, ముంజేతి మీద అంటించిన ఈ బిళ్ళలకి తెలుస్తుంది. అప్పుడే అది లాగుతుంది" అంది.

పట్టీలు బిగించింది. ఒకటి, రెండు, మూడు. ఐదో వేలు దగ్గర నేను ఆగమన్నాను. ఆగింది. మళ్ళీ బిగించమన్నాను. చొక్కా వీపుకి అంటుకుపోయింది.

మా ఆవిడ స్విచ్‌బోర్డు దగ్గరికి వెళ్ళింది. కొంగు నడుముకి దోపింది. ప్లగ్గు పెట్టి, స్విచ్చు మీద వేలు ఆనించి, నా వైపు తిరిగింది. వెయ్యలేదు. నా కళ్ళలోకి చూస్తూ, షాపులో అడిగినంత గట్టిగా అడిగింది.

"సెయ్యి బైటా?"

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. ఆ మాట ముప్పై ఏళ్ళకి పైగా నేను కొన్ని వేలసార్లు అడిగాను. అడగాల్సిన ఒక్కసారి అడగలేదు. దానికి ఒకటే జవాబు నేర్చుకున్నాం, బైటే అని. వేరే జవాబు ఎవరి నోటా వినలేదు. ఇంకా బటన్ నొక్కవచ్చు, పట్టీలు విప్పమనవచ్చు, ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఆవిడ ఏమీ అనదని నాకు తెలుసు. స్విచ్చు మీద వేలితో, జవాబు వచ్చేదాకా అలా నిలబడే ఉంటుంది.

"లోపల" అన్నాను. సరిగ్గా వినిపించలేదేమోనని మళ్ళీ అన్నాను. "లోపలే ఉన్నాది. ఎయ్యి."

వేసింది.

యంత్రం కీచుమంది. నేను కళ్ళు మూసుకోలేదు. తెరవాలి, తెరవాలి అని లోపల అనుకుంటూ వేళ్ళ వంకే చూశాను. చూపుడువేలు లేచింది, నడిమి వేలు లేచింది. చిటికెనవేలూ దాని పక్కదీ కాసేపు మొరాయించాయి. తరవాత అవీ కదిలాయి. గోరు దిగిన చోటు కనిపించింది, ఎర్రగా, పచ్చిగా. ఫ్యాను గాలి అక్కడ తగిలింది.

"మండతన్నాది" అన్నాను.

నాకే నమ్మకం కలగక ఇంకోసారి అన్నాను. ఆ అమ్మాయి కంగారుగా లేవబోయింది. మా ఆవిడ ఆమెని కూర్చోమని సైగ చేసి, స్విచ్చు మీద వేలు తియ్యకుండా నన్నే చూసింది. ఆవిడ కళ్ళు నిండిపోయాయి.

"మండనీ" అంది.